కణాల లెక్క మామూలే.. మరి సోరియాసిస్ ఎందుకు?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. మోచేతులు, మాడు మీద పొలుసులు రాలుతుంటే సోరియాసిస్ అన్నారు. రక్తపరీక్షలో తెల్ల రక్తకణాలు సరిగ్గానే ఉన్నాయి. మరి జబ్బు వాటివల్లే అంటారేం?
- ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: తేడా లెక్కలో కాదండీ, తీరులో. టి కణాలనే తెల్ల రక్తకణాలు ఏ క్రిమీ లేకున్నా చర్మంలో చేరి, వాపు పుట్టించే రసాయనాలు వదులుతాయి. దాంతో నెల పట్టాల్సిన చర్మకణాల ఎదుగుదల నాలుగైదు రోజుల్లోనే ముగిసి, పొట్టు పేరుకుంటుంది. ఈ జబ్బు అంటుకోదు, ఇంట్లో కంచం, తువ్వాలు వేరుచేయడం అనవసరం.

స్నానమయ్యాక తడి ఆరకముందే కొబ్బరినూనో వ్యాజిలీనో రాయండి. పొలుసులు పీకొద్దు, గీరిన చోటే కొత్త మచ్చ లేవొచ్చు. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్రలు మాత్రం వేసుకోకండి. ఆపగానే జబ్బు తిరగబెట్టొచ్చు. పొద్దున్నే వేళ్ల కీళ్లు బిగుసుకున్నా, చీముపొక్కులు లేచినా, జ్వరంతో ఒళ్లంతా ఎర్రబడినా వెంటనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చర్మవైద్యులకు చూపించండి.