సీరియల్ హక్కులు: సెక్షన్లు, గడువులు

రచనను పత్రికలో విడతలుగా ప్రచురించే హక్కే సీరియల్ హక్కు. పుస్తకం రాకముందైతే ప్రథమ సీరియల్ హక్కు, వచ్చాకైతే ద్వితీయం. ఈ పేర్లు ప్రచురణ రంగంలోవి. చట్టం దృష్టిలో ఇవి కాపీరైట్‌లో భాగాలే.

కాపీరైట్ చట్టం: 1957. అమలు: 1958 జనవరి 21. రాజ్యాంగంలో కాపీరైట్ స్థానం: ఏడో షెడ్యూల్, కేంద్ర జాబితా 49వ అంశం.

సెక్షన్ 14: కాపీరైట్ అర్థం. ప్రచురణ, ప్రసారం, అనువాదం, సినిమా హక్కులను విడివిడిగా ఇవ్వొచ్చు.

సెక్షన్ 17: పత్రిక ఉద్యోగి ఉద్యోగ విధిగా, పత్రిక కోసం రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు పత్రికల్లో ప్రచురించే హక్కు యజమానిది. మిగతావన్నీ రచయితవే. బయటి రచయితకు ఈ నిబంధన వర్తించదు. పరీక్ష ప్రశ్నలో మెలిక ఇక్కడే ఉంటుంది.

సెక్షన్ 19: హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లు. ప్రాంతం రాయకపోతే భారత్ వరకే. ఏడాదిలోగా వాడుకోని హక్కు, ఒప్పందంలో మరోలా లేకపోతే, రద్దవుతుంది.

సెక్షన్ 22: కాపీరైట్ గడువు రచయిత జీవితకాలం, ఆపై 60 ఏళ్లు. లెక్క మరణించిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి. 2000లో మరణిస్తే 2060 డిసెంబర్ 31 వరకు.

సెక్షన్ 37: ప్రసార సంస్థ హక్కు, 25 ఏళ్లు. ఇది రచయిత హక్కు కాదు, 60 ఏళ్ల గడువుతో కలపొద్దు.

సెక్షన్ 57: రచయిత నైతిక హక్కులు. కాపీరైట్ అమ్మేసినా ఇవి పోవు.

తెలుగు సాహిత్యం నుంచి: కందుకూరి వీరేశలింగం నవల ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధిని’ పత్రికలో ధారావాహికగా మొదలైంది, 1880లో పుస్తకమైంది. రెండు సంవత్సరాలూ గుర్తుంచుకోండి.