గంట అందరికీ ఒకటే

మా తమ్ముడి మనవడు డెక్ కేడెట్‌గా ఓడెక్కబోతున్నాడు. హైదరాబాద్ గుడిమల్కాపూర్‌లో పుట్టి పెరిగినవాడు, సముద్రమంటే వాడికి వైజాగ్ బీచే. నాలుగు మాటలు చెప్పమని ఇంట్లో అందరూ నా మీద పడ్డారు. సరుకు ఎక్కించడం, లంగరు వేయడం కంపెనీ నేర్పుకుంటుంది. మార్కులూ రాని, జీతంలోనూ కలవని పని ఒకటుంది. ఓడ మీది నుంచి వాతావరణం చూసి ఒడ్డుకు పంపడం. దాని గురించే రాసిస్తున్నాను.

1. ఈ పని చెయ్యమని నిన్నెవరూ బలవంతపెట్టరు. దారిలో తుపాను తగిలితే చుట్టుపక్కల ఓడలకు, ఒడ్డుకు చెప్పడం సోలాస్ అనే సముద్ర భద్రత ఒప్పందం ప్రకారం కెప్టెన్ విధి. రోజువారీ పరిశీలనల దగ్గరికొచ్చేసరికి మాత్రం, ఓడలను ప్రోత్సహించండని ప్రభుత్వాలకు చెప్పి ఆ ఒప్పందం ఊరుకుంటుంది. అలా ఇష్టపడి చేరిన ఓడలు 1984-85 నాటికి ప్రపంచమంతా కలిపి సుమారు 7,700. తర్వాత తగ్గుతూ వచ్చాయి. సిబ్బంది తగ్గారు. 1999లో జీఎండీఎస్ఎస్ అనే ఆపద సందేశాల వ్యవస్థ పూర్తిగా అమలయ్యాక రేడియో ఆఫీసర్ కొలువే పోయింది, సందేశం పంపే పని కూడా బ్రిడ్జి మీద ఉన్నవాడి నెత్తినే పడింది. విసుగొస్తుంది నాన్నా, రాకుండా ఉండదు.

2. ఓడ గడియారం చూడకు, ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ సమయం చూడు. సున్నా, ఆరు, పన్నెండు, పద్దెనిమిది గంటలు. పసిఫిక్‌లో ఉన్నవాడూ, కాకినాడ ఎదురుగా ఉన్నవాడూ ఒకే క్షణాన చూసి రాస్తేనే పటం గీయడానికి పనికొస్తుంది. ఇలా అందరూ ఒకే పద్ధతికి రావడం ఊరికే జరగలేదు. 1853లో బ్రస్సెల్స్‌లో పది దేశాలవాళ్లు కూర్చుని, అమెరికా నౌకాదళానికి చెందిన మౌరీ చొరవతో, అందరూ ఒకే తీరులో లాగ్ రాయాలని ఒప్పుకున్నారు. మన బంగాళాఖాతంలో ఈ వేళలు పొద్దున ఐదున్నర, పదకొండున్నర, సాయంత్రం ఐదున్నర, రాత్రి పదకొండున్నర. అంటే నాలుగు–ఎనిమిది వాచ్ చేసే చీఫ్ ఆఫీసర్‌కీ, ఎనిమిది–పన్నెండు చేసే థర్డ్ ఆఫీసర్‌కీ పడుతుంది. సెకండ్ ఆఫీసర్ హాయిగా తప్పించుకుంటాడు. సింగపూర్ దాటనివ్వు, మధ్యాహ్నం రెండుకీ అర్ధరాత్రి రెండుకీ ఆయన వంతే.

3. అంకె రాస్తే సరిపోదు, దాన్ని ఎలా తీశావో కూడా రాయాలి. నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే.

సముద్రపు నీటి వేడి కొలవడానికి పాత పద్ధతి బకెట్. తాడు కట్టి పక్క నుంచి దించి, నీళ్లు తోడి, థర్మామీటర్ ముంచడం. కాన్వాస్ బకెట్‌ను గాలిలో రెండు నిమిషాలు ఉంచితే చాలు, పైనుంచి తడి ఆరుతూ నీరు చల్లబడుతుంది. రెండో పద్ధతి, ఇంజన్‌ను చల్లబరచడానికి లోపలికి లాగే నీటిని పైపు దగ్గర కొలవడం. అక్కడ ఇంజన్ రూము వేడి తగిలి అంకె కాస్త పెరుగుతుంది. పైగా అది పైనీరు కాదు, కొన్ని మీటర్ల కిందిది.

ఇంత చిన్న తేడాతో ఏమవుతుందిలే అనుకుంటావు. ప్రపంచ సముద్రాల ఉష్ణోగ్రత రికార్డులో 1945లో ఉన్నట్టుండి సుమారు 0.3 డిగ్రీల పతనం కనిపించేది. శాస్త్రజ్ఞులు చాలాకాలం తల పట్టుకున్నారు. 2008లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన దాని గుట్టు విప్పింది. యుద్ధకాలంలో ఎక్కువ లెక్కలు అమెరికా ఓడలవి, అవి ఇంజన్ పైపు దగ్గర తీసినవి. యుద్ధం ముగియగానే బ్రిటిష్ ఓడల బకెట్ లెక్కలు వచ్చి కలిశాయి. సముద్రం ఎక్కడిదక్కడే ఉంది, కొలిచే చేతులు మారాయి. అందుకే పరిశీలనలు పంపే కోడ్‌లో బకెట్టా, పైపా అని చెప్పడానికి ప్రత్యేకంగా ఒక అంకె ఉంది. దాన్ని ఖాళీగా వదిలేవాడు మిగతాదంతా శ్రద్ధగా నింపినా దండగే.

4. చెంపకు తగిలే గాలిని రాయకు. ఓడ ఉత్తరానికి పదిహేను నాట్లతో పోతుంటే, వెనక దక్షిణం నుంచి కూడా పదిహేను నాట్ల గాలి వీస్తోందనుకో. డెక్ మీద కాగితం కూడా కదలదు. గాలే లేదని రాసేస్తారు. పక్కకి చూస్తే అలల మీద తెల్లటి నురగ లేస్తూనే ఉంటుంది. ఓడ వేగం తీసేసి అసలు గాలి లెక్కగట్టు. కంటైనర్లు దొంతర్లుగా పేర్చిన ఓడల మీద యంత్రాన్ని కూడా పూర్తిగా నమ్మకు, అక్కడ గాలి సుళ్లు తిరుగుతుంది. అలల తీరును బట్టి గాలి బలం చెప్పే బోఫోర్ట్ స్కేలు పట్టుకుని నీటిని చూడ్డం నేర్చుకో.

5. బారోమీటర్‌ను ప్రేమించు. ఉపగ్రహం మేఘాన్ని చూస్తుంది, అలల ఎత్తు చెబుతుంది. సముద్రమట్టం దగ్గర గాలి పీడనాన్ని మాత్రం నేరుగా కొలవలేదు. అందుకు ఓడో, తేలే బోయో అక్కడ ఉండాల్సిందే.

మన ఉష్ణ సముద్రాల్లో పీడనం రోజూ పదింటికి ఎక్కుతుంది, నాలుగింటికి దిగుతుంది, పగలూ రాత్రీ అంతే. కొత్తవాళ్లు ఆ దిగడం చూసి కంగారుపడతారు. ఆ ఎక్కుదిగుళ్ల లెక్క తీసేశాక కూడా ఆ కాలానికి ఉండాల్సిన దానికన్నా మూడు హెక్టోపాస్కల్‌లు తగ్గితే అనుమానించు. ఐదు తగ్గితే కెప్టెన్‌ను నిద్రలేపు.

గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో కాటా మీద ప్రభుత్వ ముద్ర ఉన్నట్టే ఈ పరికరానికీ సవరణ చీటీ ఉండాలి. చెన్నై, విశాఖ లాంటి రేవుల్లో వాతావరణ శాఖ పోర్టు ఆఫీసు ఉంటుంది. అక్కడి అధికారి ఓడెక్కి ఉచితంగా సరిచూసి పోతాడు. ఓడ ఏ దేశానిదైనా తేడా లేదు. ఆయనకు టీ ఇవ్వడం మర్చిపోకు.

6. మనకు అన్నిటికన్నా అవసరమైన చోటు నుంచే కబురు రాదు. తుపాను ఉందంటే ఏ కెప్టెనైనా తప్పుకుంటాడు, తప్పుకోవాలి కూడా. కోరంగిని ముంచిన 1789 ఉప్పెన గురించి రాసిన కలకత్తా నౌకాధికారి పిడింగ్టన్, బంగాళాఖాతం తుపానుల్లో చిక్కి బయటపడ్డ ఓడల లాగ్‌బుక్కులు పోగేసి మరీ వాటి తిరుగుడును అర్థం చేసుకున్నాడు. 1977 నవంబరు 19న నిజాంపట్నం దగ్గర తీరం దాటి దివిసీమను తుడిచిపెట్టిన తుపాను ఉంది కదా, అది ఇంకా నడిసముద్రంలో ఉండగా జగత్‌స్వామిని అనే ఓడ దాని కంటిలోకే వెళ్లింది. ఆ ఓడ పేరు మన తుపానుల రికార్డుల్లో నిలిచిపోయింది. అలా వెళ్లమని నీకు చెప్పను. తప్పించుకుంటూ పోతున్నప్పుడు ఆరు గంటలకోసారి కాదు, గంటకోసారి పంపమంటాను.

7. డబ్బు సంగతి. ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహ వ్యవస్థలో 41 నంబరు కోడ్‌తో పంపితే ఖర్చు ఓడకు పడదు, అందుకున్న దేశపు వాతావరణ శాఖ భరిస్తుంది. తనకు సంబంధం లేని సముద్రం కబురుకు ఇంకెవరో దేశం బిల్లు కడుతుంది. సొంత లాభం చూసుకునే లోకంలో ఈ ఏర్పాటు ఎలా నిలబడిందా అని నాకిప్పటికీ ఆశ్చర్యమే. వాతావరణం చూసే ఓడలనూ, నీటి లోతుల్లో వేడి కొలవడానికి సన్నటి రాగితీగతో ఎక్స్‌బీటీ అనే పరికరం జారవిడిచే ఓడలనూ ఒకే బృందం కిందికి తెచ్చాక ఆ బృందం తొలి సమావేశం 2002లో మన గోవాలోనే జరిగింది. చెన్నై–పోర్ట్‌బ్లెయిర్ ప్రయాణికుల ఓడల మీద గోవా సముద్ర విజ్ఞాన సంస్థవాళ్లు 1990లలోనే ఆ తీగ వదలడం మొదలుపెట్టారు.

తర్వాత సోమాలీ దొంగల భయం వచ్చింది. ఓడ ఎక్కడుందో లోకానికి తెలియకూడదని యజమానులు పట్టుబట్టారు, కాల్‌సైన్ దాచి పంపడం మొదలైంది. భయం న్యాయమైనదే. కానీ పేరు లేని ఓడ బారోమీటర్ తప్పు చూపిస్తే ఎవరిని పిలిచి సరిచేయమంటారు? తర్వాత మారుపేర్ల పద్ధతులు పెట్టారు.

8. ఇదంతా ఎవరికి అని అడుగుతావు. మార్కెట్‌లో బంతిపూలు దింపించే కమీషన్ ఏజెంటు దసరా ముందు నన్ను ఆపి, "బంగాళాఖాతంలో అల్పపీడనమంట గదా సార్, ఎల్లుండి వాన పడుతదా?" అంటాడు. తడిసిన బంతి పొద్దెక్కేసరికి నల్లబడుతుంది, ధర పడిపోతుంది. ఆయన ఫోన్‌లో కనిపించే అల్పపీడనంలో ఏదో ఓడ మీద థర్డ్ ఆఫీసర్ రాసిన నాలుగంకెలు కలిసి ఉండొచ్చు. సముద్రం లేని మన ఊళ్లోనే, ప్రగతినగర్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ 1999 నుంచీ సముద్రపు లెక్కలు చూస్తోంది. సెలవులో వచ్చినప్పుడు తీసుకెళతాను.

9. ఓడ దిగేముందు, నీ తర్వాత వచ్చేవాడికి ఇచ్చే నోట్స్‌లో బారోమీటర్ ఎప్పుడు సరిచూశారో, సవరణ ఎంతో, బకెట్ ఏ అల్మరాలో ఉందో రాసిపెట్టు. తాడు పాతబడితే అదీ రాయి.