ఇంట్లో నడిచే తపాలా: భోగాపురం నుంచి కొన్ని అనుభవ పాఠాలు

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యాను. 2013లో భోగాపురంలో మా ఇంటి వెనకగదిలో ఉన్న పాత కంప్యూటరు మీద లినక్సు వేసి, చివర డాట్ ఇన్ ఉన్న పేరొకటి కొని, మా కుటుంబం ఈమెయిల్‌ని నేనే నడపడం మొదలుపెట్టాను. ఈ పనికి దిగాలనుకునే పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి అడుగుతుంటారు. వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

1. ఉత్తరం అందుకోవడం తేలిక, అందించడం కష్టం.

పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ అనే రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లు పెట్టుకుంటే రెండు రోజుల్లో ఉత్తరాలు వచ్చి పడతాయి. నాకూ అలాగే వచ్చాయి. ఆ సంబరంలో మా చెల్లెలి కొడుక్కి కూడా ఒక చిరునామా ఇచ్చాను. మూడో నెలలో వాడికి ఉద్యోగం ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. వస్తానని అదే రోజు జవాబు రాశాడు. వారం పోయాక మా గుమ్మంలో నిలబడి, "నాను పంపేసినాను గదా మావయ్యా, ఆళ్లకి అందలేదంటన్నారు" అన్నాడు. లాగ్ తీసి చూశాను. అవతలి సర్వరు ఉత్తరాన్ని తీసుకున్నట్టు 250 అనే అంకె స్పష్టంగా ఉంది. తీసుకుని స్పామ్‌లో పడేసింది. అలా పడేసినట్టు మనకు కబురు రాదు. ఇంటర్వ్యూ తేదీ దాటిపోయింది. వాడు నన్నొక్క మాట అనలేదు. ఆ బాధ నాకింకా ఉంది. కనీసం ఆరు నెలలు మీ ఒక్కరి ఉత్తరాలతో నడిపి చూడకుండా ఇంకొకరికి చిరునామా ఇవ్వకండి.

2. మీ యంత్రాన్ని లోకం ఎందుకు నమ్మాలో ముందు తెలుసుకోండి.

ఈమెయిల్ పంపే పద్ధతిని జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో రాసిపెట్టినప్పుడు, ఏ యంత్రమైనా ఏ యంత్రానికైనా ఉత్తరం ఇవ్వొచ్చు. పంపినవాడు చెప్పిందే పేరు. ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది వాడే రోజులవి. తర్వాత దొంగ ఉత్తరాలు వరదలా వచ్చాయి. ఇప్పుడు ఇళ్ల కనెక్షన్ల నంబర్లను స్పామ్‌హాస్ లాంటి సంస్థలు విడిగా జాబితా కడతాయి. మీరు తప్పు చేశారని కాదు, ఇళ్ల నుంచి నేరుగా ఉత్తరాలు రావడం మామూలు కాదు కాబట్టి. చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఇంటి కనెక్షన్ల నుంచి ఉత్తరాలు బయటికెళ్లే 25వ పోర్టునే మూసేస్తాయి.

ముందు మారని ఐపీ నంబరు కావాలి. ఆ నంబరు ఎవరిదని అడిగితే మీ పేరే రావాలి, దాన్ని రివర్స్ డీఎన్ఎస్ అంటారు. అది రాయగలిగేది కనెక్షన్ ఇచ్చినవాళ్లే. ఇక ఎస్‌పీఎఫ్: మా పేరుతో పంపే యంత్రాలు ఫలానావని నలుగురికీ కనపడేలా ప్రకటించడం. డీకిమ్: ప్రతి ఉత్తరం మీదా చేసే సంతకం. డీమార్క్: ఆ రెండూ కుదరని ఉత్తరాన్ని ఏం చేయమంటారో చెప్పే మాట. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్ద ఎత్తున పంపేవాళ్లకు ఈ మూడూ తప్పనిసరి చేశాయి. మనలాంటి చిన్నవాళ్లకైనా మొదటి రెంటిలో ఒకటుండాలి. మూడూ పెట్టుకోండి.

చివరికి నేను చేసిందేమిటంటే, బయటికెళ్లే ఉత్తరాలను అద్దెకు తీసుకున్న చిన్న సర్వరు మీదుగా పంపుతున్నాను. అప్పుడది సొంతమెలా అవుతుందని కొందరు కుర్రాళ్లు వాదిస్తారు. వచ్చిన ఉత్తరాలన్నీ నా ఇంట్లో, నా డిస్కులో ఉంటాయి. నాకు కావలసింది అదే.

3. తుఫానుకు లెక్క వేసుకోండి.

2014 అక్టోబరు 12, ఆదివారం హుద్‌హుద్ వచ్చింది. కొబ్బరిచెట్లు, సరుగుడు తోటలు, కరెంటు స్తంభాలు నేలకొరిగాయి. మన సర్వరు పలకకపోతే అవతలి సర్వరు ఉత్తరాన్ని వెంటనే తిప్పి పంపదు. తన వరసలో ఉంచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. నాలుగైదు రోజులైనా అలా ఆగాలని నియమం. పోస్ట్‌ఫిక్స్‌లో మామూలుగా ఐదు రోజులు. ఆ ఐదు రోజుల మీద ధీమాతో ఉన్నాను. మా వీధికి కరెంటు తొమ్మిదో రోజున వచ్చింది. ఈలోగా అమెరికాలో ఉన్న మా తమ్ముడి కొడుకు, "పెదనాన్నా, అందరూ ఎలగున్నారు" అని రాసిన ఉత్తరం అందలేదంటూ వాడికే తిరిగెళ్లింది. ఫోన్లు పనిచేయడం లేదు. ఆ తిరుగు కబురు చూసి వాడు రాత్రంతా నిద్రపోలేదట.

ఎక్స్ఛేంజీలో 48 వోల్టుల బ్యాటరీల వెనక ఇంజను, ఇంజను వెనక డీజిలు పీపా పెట్టుకున్నవాణ్ని, ఇంట్లో ఒక్క ఇన్వర్టరు చాలనుకున్నాను. ఇప్పుడు నా యంత్రం మూగబోతే ఆ అద్దె సర్వరే ఉత్తరాలు తీసుకుని ముప్ఫై రోజులు దాచిపెడుతుంది. పాత కంప్యూటరు తీసేసి, పది వాట్లు కూడా తాగని చిన్న బోర్డు పెట్టాను. అదే ఇన్వర్టరు మీద ఇప్పుడు చాలా ఎక్కువసేపు నడుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం తీరాన్ని ఊడ్చేసినప్పుడు మాకూ కరెంటు పోయింది. ఒక్క ఉత్తరం కూడా పోలేదు.

4. ఉప్పుగాలి ఇనుమును తింటుంది. మూడు నెలలకోసారి పిన్నులు, కనెక్టర్లు తుడవండి.

5. తలుపు తట్టేవాళ్లు మొదటి రాత్రే వస్తారు.

ఎక్కడెక్కడి నంబర్ల నుంచో మీ పాస్‌వర్డు ఊహించే ప్రయత్నాలు లాగ్‌లో వరస కడతాయి. భయపడనక్కర్లేదు. పాస్‌వర్డు పొడుగ్గా పెట్టండి, పదేపదే తప్పు కొట్టే నంబరును అడ్డగించే ప్రోగ్రాము వేయండి. ఊరూ పేరూ తెలియనివాడి ఉత్తరాన్ని ఇంకొకరికి మోసే సర్వరుగా మాత్రం మీది మారకూడదు. ఒక్క రాత్రి తెరిచి ఉంచితే పేరు పోతుంది. మళ్లీ నిలబెట్టుకోవడానికి నెలలు పడుతుంది.

6. నకలు తీస్తే చాలదు, తెరిచి చూడాలి.

నా నకలు డిస్కు విజయనగరంలో మా అమ్మాయి ఇంట్లో ఉంటుంది. దసరాకీ సంక్రాంతికీ వెళ్లినప్పుడు అందులోంచి ఏదో ఒక పాత ఉత్తరం బయటికి తీసి చదువుతాను. తియ్యగలిగితేనే అది నకలు.

7. మీ తర్వాత ఎవరో ఇప్పుడే చూసుకోండి.

పదిమంది చిరునామాలు నా యంత్రం మీద ఉన్నాయి. వాళ్ల బ్యాంకు కబుర్లు, పిల్లల ఫీజు రసీదులు అందులోకే వస్తాయి. నాకేమైనా అయి, ఆ డాట్ ఇన్ పేరుకు ఏటేటా డబ్బు కట్టేవాళ్లు లేకపోతే అన్నీ ఆగిపోతాయి. ఆ పేరు ఇంకొకరు కొంటే ఉత్తరాలు వాళ్ల చేతిలో పడతాయి. అందుకని యంత్రాన్ని ఆపడం, లేపడం, డబ్బు కట్టాల్సిన తేదీ, ఎవరికి ఫోన్ చేయాలి అన్నీ తెలుగులో, చేత్తో, ఒక నోటుబుక్కులో రాసి బీరువాలో పెట్టాను. మొన్న వేసవిలో ఇంజనీరింగు చదువుతున్న మనవరాలికి ఆ పుస్తకమిచ్చి, నేను వీధి అరుగు మీద కూర్చున్నాను. ఖాళీ డిస్కు మీద మొదటినుంచీ అంతా తనే వేసుకుంది. మధ్యాహ్నం మూడింటికి బయటికొచ్చి, "తాతా, పదకొండో పేజీలో రెండు తప్పులున్నాయి" అంది. ఎర్ర సిరాతో దిద్ది ఉంచింది.