పాలు మాన్పించాక రొమ్ముల ఆపరేషన్ – ఎంత కాలం ఆగాలి?



ఆ మధ్య మా ఓ.పి.కి ఐదు నెలల పాపను ఎత్తుకుని ఒక తల్లి వచ్చింది. "సిస్టరమ్మగారూ, పాలు ఎండిపోవడానికి మాత్రలు రాయించండి" అంది. ఎందుకని అడిగితే చెప్పడానికి చాలాసేపు సిగ్గుపడింది. కాన్పు తరువాత రొమ్ములు జారిపోయాయట. భర్త సెలవు మీద ఇంట్లో ఉండగానే విశాఖపట్నం వెళ్లి ఆపరేషన్ చేయించుకోవాలని ఆమె ఆలోచన. ఇలా మనసులో ఉండి అడగలేని వారు మరికొందరు ఉంటారు. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

పాలివ్వడం వల్లే జారుతాయా?

కాదు. గర్భంతో ఉన్నప్పుడే రొమ్ములు పెరిగి చర్మం సాగుతుంది. అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయం సర్జన్లు ఇలాంటి ఆపరేషన్ల కోసం వచ్చిన స్త్రీలను పరిశీలించారు. పాలివ్వడం కారణం కాదని 2007లో తెలిపారు. వయసు, గర్భాల సంఖ్య, పొగ తాగడం వంటివి కారణాలుగా తేలాయి. మన వైపు చుట్ట, అడ్డపొగ అలవాటున్నవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఎందుకు ఆగాలి?

పాలు ఉండగా కోస్తే గాయం గుండా పాలు కారవచ్చు. లోపల పాలు నిలిచి తిత్తి కట్టవచ్చు, చీము పట్టవచ్చు. పైగా పాలు ఆగాక పాలగ్రంథులు కొన్ని నెలలపాటు కుంచించుకుంటూ వస్తాయి. తొందరపడి చేయిస్తే ఆ తరువాత ఆకారం మళ్లీ మారి, రెండో ఆపరేషన్ అవసరం కావచ్చు. ఆగి చూసినవారిలో కొందరికి ఆపరేషన్ అక్కరలేదనే అనిపిస్తుంది.

ఎంత కాలం?

పాలు పూర్తిగా ఆగిన తరువాత కనీసం 3 నెలలు. చాలామంది సర్జన్లు 6 నెలలు ఆగమంటారు. ఈ లెక్క కాన్పు అయిన రోజు నుండి కాదు, పాలు ఆగిన నాటి నుండి. బరువు కూడా కొన్ని నెలలు నిలకడగా ఉండాలి. మరో బిడ్డ కావాలనుకుంటే ఆ బిడ్డ పాలు మానేవరకు వాయిదా వేయడం మంచిది. రొమ్ము తగ్గించే ఆపరేషన్‌లో పాలనాళాలు తెగితే తరువాతి బిడ్డకు పాలు చాలకపోవచ్చు.

పాలు ఎలా మాన్పించాలి?

ఆపరేషన్ కోసం బిడ్డకు పాలు ముందుగా మాన్పించవద్దు. మొదటి 6 నెలలు తల్లిపాలు మాత్రమే, ఆ తరువాత ఇతర ఆహారంతో పాటు 2 ఏళ్లు, ఆపైన కూడా ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మాన్పించేటప్పుడు కొన్ని రోజులకు ఒక పూట చొప్పున తగ్గించండి. గుడ్డ బిగించి కట్టకండి, పాలు గడ్డకట్టి జ్వరం రావచ్చు. పాలు ఎండడానికి మన పెద్దలు మల్లెపూలు కట్టించేవారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్లు 1988లో ప్రచురించిన పరిశీలనలో పూలు కట్టినవారికి కూడా పాలు తగ్గాయి. బ్రోమోక్రిప్టిన్ మాత్రలు మాత్రం సొంతంగా కొని వాడకండి. పక్షవాతం, గుండెపోటు వచ్చే ప్రమాదం ఉందని అమెరికాలో ఈ పనికి వాటి వాడకాన్ని 1990లలోనే ఆపించారు.

ఆపరేషన్‌కు ముందు

1. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. లేదా డి.ఎన్.బి. చదివిన డాక్టరుగారినే కలవండి.

2. రక్తం, బి.పి., షుగరు పరీక్షలు చేయించండి. 40 ఏళ్లు దాటితే మామోగ్రామ్ గురించి అడగండి.

3. గడ్డ తగిలినా, చనుమొన నుండి రక్తం వచ్చినా "పాలగడ్డేలే" అని ఊరుకోకండి. ముందు దాన్ని చూపించండి.

4. మాన్పించిన 6 నెలలకు కూడా పాలు కారుతుంటే డాక్టరుగారికి చెప్పండి.

5. చుట్ట, బీడీ కనీసం ఒక నెల ముందే మానండి. లేకపోతే గాయం త్వరగా మానదు.

ఇవన్నీ చెప్పాక ఆ తల్లి మాత్రల సంగతి మళ్లీ ఎత్తలేదు. అక్కడే బల్ల మీద కూర్చుని పాపకు పాలిచ్చి వెళ్లింది. ఆపరేషన్ ఎప్పుడైనా చేయించుకోవచ్చు. బిడ్డ పాలు తాగే కాలం మాత్రం మళ్లీ రాదు.