మిగులు పుంజులకు నెలవు

మన పల్లెలలో కోళ్లు లేని పెరడు అరుదు. వంటింటి మెతుకులను, కళ్లమున రాలిన గింజలను, చెత్తలోని పురుగులను ఏరుకొని తిని, కోళ్లు ఇంటివారికి గ్రుడ్లనిచ్చును. వానిని పెంచుటకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. రాత్రివేళ మూయుటకు ఒక గంపయో, చిన్న గూడో యున్న చాలును. ఇంటి యాడువారు గ్రుడ్లనమ్మి చేతిఖర్చునకు కొంత ధనము సంపాదించుకొందురు. పెట్టల వలన గలుగు ఈ లాభమును గూర్చి అందరును చెప్పుదురు. కాని పొదిగించిన గ్రుడ్లనుండి పెట్టలు మాత్రమే పుట్టవు, పుంజులును పుట్టును. అవి పెద్దవైన పిమ్మట వాని గతి యేమి? కోళ్లను పెంచు ప్రతి యింటను ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న పుట్టక మానదు.

ప్రకృతి నియమము

కోడిగ్రుడ్డు పిల్ల యగుటకు 21 దినములు పట్టును. ఒక పెట్ట 12 గ్రుడ్లను పొదిగి 10 పిల్లలను లేపినదనుకొందము. అందు సుమారు సగము పుంజులై యుండును. ఒక తడవ ఏడు పుంజులు రావచ్చును. మరియొక తడవ మూడే రావచ్చును. పెక్కు తడవలు కలిపి లెక్కించినచో పుంజులును పెట్టలును దాదాపు సమానముగా తేలును. మనుష్యులలో శిశువు ఆడయో మగయో నిర్ణయించునది తండ్రి బీజము. పక్షులలో నిది తారుమారు. తల్లి యిచ్చు అంశమునుబట్టియే పిల్ల పుంజగుటయో, పెట్ట యగుటయో జరుగును. కొనదేలిన గ్రుడ్డునుండి పుంజును, గుండ్రని గ్రుడ్డునుండి పెట్టయు పుట్టునని కొందరు నమ్ముదురు. ఆ నమ్మకము నిజము కాదు. పెట్టలే కావలెనని కోరి గ్రుడ్ల నేరి పొదిగించుట సాధ్యము కాదు.

నాటుకోడి పిల్లలు పుట్టిన నాడు అన్నియు నొక్కతీరుగనే యుండును. రెండు మూడు నెలలు గడచునప్పటికి పుంజుల జుట్టు ఎర్రబడి యెదుగును. మెడమీదను, నడుముమీదను ఈకలు సన్నగా కొనదేలును. తోకలో కొడవలివలె వంగిన ఈకలు బయలుదేరును. ఒకనాటి వేకువను గూటిలోనుండి బొంగురు గొంతుకతో తొలికూత వినవచ్చును. అప్పుడు గాని ఇంటిలో ఎన్ని పుంజులున్నవో యజమానురాలికి తెలియదు.

పెరటిలో కలహము

గ్రుడ్లు పెట్టుటకు పుంజుతో పనిలేదు. పుంజు లేకున్నను పెట్ట గ్రుడ్లు పెట్టును. అవి పిల్లలు కాజాలవు, అంతియే. పిల్లలు కావలెనన్నను ఎనిమిది పది పెట్టలకు ఒక్క పుంజు చాలును. అట్టి మందలో అయిదు పుంజులున్నచో శాంతి యుండదు.

కోళ్లలో పెద్దరికపు వరుస యొకటి కలదు. మొదటిది తక్కిన వానినన్నిటిని పొడుచును. రెండవది తన క్రిందివానిని పొడుచును. కట్టకడపటిది అందరి పోట్లును భరించును. నార్వే దేశీయుడగు షెల్డెరప్ ఎబ్బె అను శాస్త్రజ్ఞుడు చిన్ననాటినుండియు కోళ్లను గమనించి, 1922లో ఈ వరుసను గూర్చి లోకమునకు వెల్లడించెను. కూతలో సైతము ఈ పెద్దరికము కనబడును. పుంజు వేకువను కూయుట వెలుతురు చూచి మాత్రమే కాదనియు, దాని శరీరములోనే కాలమును తెలుపు ఏర్పాటు కలదనియు జపాను దేశపు పరిశోధకులు 2013లో నిరూపించిరి. పెద్దరికము గల పుంజు ముందుగా కూయగా, తక్కినవి తమ వరుసలో కూయునని 2015లో ప్రకటించిరి.

అమరకోశమున పుంజునకు తామ్రచూడము, చరణాయుధము అను పేర్లు కలవు. ఎర్రని జుట్టు గలది యగుటచే తామ్రచూడము. పాదములే ఆయుధములుగా గలది యగుటచే చరణాయుధము. దాని కాలివెనుక మొలచు ముల్లు వాడియైనది. పుంజులు ఎక్కువైనచో ఒండొంటిని చీల్చుకొనును. బలహీనమైనది మేతకు రాజాలక మూలనక్కి చిక్కిపోవును. పెట్టలకును సుఖముండదు. పుంజులు పలుమారు మీదికెక్కుటచే వాని వీపుమీది ఈకలూడి చర్మము గాయపడును. కావున మిగులు పుంజులను ఎచటికైనను పంపక తీరదు.

చేయరాని పనులు

కొందరు పుంజును తీసికొనిపోయి ఊరిబయట తోపులోనో, చెరువుగట్టుననో విడిచివత్తురు. అది స్వేచ్ఛగా బ్రదుకునని వారు మనస్సును సమాధానపరచుకొందురు. కాని గంపక్రింద పెరిగిన పక్షికి అడవి బ్రదుకు తెలియదు. కుక్కయో, ముంగిసయో, అడవిపిల్లియో దానిని పట్టుకొనక మానదు. ఆకలిదప్పులకు గురియగునట్లు పెంపుడు ప్రాణిని నిష్కారణముగా విడిచిపెట్టుట, 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము.

సంక్రాంతికి ముందు పుంజునకు మంచి వెల వచ్చును. డేగ, కాకి, నెమలి, సేతువ అని ఈకల రంగునుబట్టి పేర్లు పెట్టి బేరమాడువారు ఇంటికే వత్తురు. గోదావరి, కృష్ణా ప్రాంతములలో పండుగ మూడుదినములును పుంజుల కాళ్లకు కత్తులు కట్టి పందెములాడుట పాతకాలమునుండి వచ్చుచున్నది. పల్నాటి కథలో నాయకురాలు నాగమ్మకును, బ్రహ్మనాయునికిని నడుమ జరిగిన కోడిపందెము ఎంతటి కలహమునకు దారితీసెనో మీరు వినియే యుందురు. ప్రాణులను ఒండొంటితో పోరాడించుట ఆ 1960 చట్టము ప్రకారమే నేరము. ఇది ఆచారమని వాదించువారు కలరు. ఆచారము పాతదైనంత మాత్రమున కత్తిపోటు నొప్పి తగ్గదు. వెలకు ఆశపడి ఎవరికి అమ్ముచున్నామో అడుగకుండ అమ్మినవారు ఆ నొప్పిలో తమకు పాలులేదని చెప్పజాలరు.

చేయదగిన పనులు

మొదటి ఉపాయము ముందుచూపు. ప్రతి పెట్టను ప్రతి తడవయు పొదిగింపనక్కరలేదు. ఎన్ని పుంజులకు నెలవు చూపగలమో లెక్కించుకొని, అందుకు రెట్టింపు గ్రుడ్లను మాత్రమే పొదిగింపవలెను. తక్కిన గ్రుడ్లను ఇంట వాడుకొనవచ్చును, అమ్ముకొనవచ్చును.

రెండవది మార్పిడి. ఒకే పుంజు ఏండ్లతరబడి ఒక మందలోనున్నచో తన సంతతితోనే కలియును. అందువలన పుట్టు పిల్లలు క్రమముగా బలహీనములగును. పొదుగని గ్రుడ్లు ఎక్కువగును. ఒకరి పెరటిలో మిగులైన పుంజు పొరుగూరి పెరటిలో కొత్త రక్తమగును. బంధువుల యిండ్లకు పోవునప్పుడు, సంతకు పోవునప్పుడు ఎవరికి పుంజు కావలెనో అడిగి తెలిసికొనుట మంచిది. అయితే మందకు ఉంచదగిన పుంజు ఏదో తెలియవలెను. హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ అను పెరటి రకములను రూపొందించినది. అవి సంకర రకములగుటచే వాని సంతతిలో అవే గుణములు నిలువవు. ఆ సంగతి పుంజును తీసికొనువారికి దాచక చెప్పవలెను.

మూడవది వేరుగా నుంచుట. కలిసి పెరిగిన పుంజులను పెట్టలు కంటబడని విశాలమైన దొడ్డిలో ఉంచినచో, పెక్కుమారులు అవి పెద్దగా పోట్లాడక మనును. మేతతొట్లు రెండు మూడు చోట్ల పెట్టవలెను. దాగుటకు చాటులుండవలెను.

నాలుగవది ఆహారము. మన పల్లెలలో మిగులు పుంజులలో ఎక్కువభాగము వంటకే పోవునన్న సత్యమును దాచనక్కరలేదు. మాంసము తినని యింటివారు ఈ సంగతిని మొదటనే ఆలోచించుకొనవలెను. తినువారైనను బ్రదికినన్నినాళ్లు దానికి కడుపునిండ మేతపెట్టి, చివర బాధ పెట్టకుండ పని ముగింపవలెను. కాళ్లు కట్టి తలక్రిందుగా సైకిలునకు వ్రేలాడదీసి సంతకు కొనిపోవుట క్రూరము. గాలియాడు గంపలో కూర్చుండబెట్టి తీసికొనిపోవుట ఏమంత కష్టము?

అప్పగించు పద్ధతి

పుంజును మరియొక యింటికిచ్చునప్పుడు దాని వయస్సును, గుణమును ఉన్నదున్నట్లు చెప్పవలెను. పిల్లలపై బడి పొడుచు పుంజును సాధువని చెప్పి యిచ్చుట మోసము. కొక్కెర తెగులునకు టీకా వేయించినదియు లేనిదియు చెప్పవలెను. తీసికొన్నవారు దానిని వెంటనే తమ మందలో కలుపరాదు. మూడు వారములు వేరుగా నుంచి, రోగలక్షణములు లేవని చూచిన పిమ్మట, రాత్రి కోళ్లు నిద్రించువేళ గూటిలో విడువవలెను. తెల్లవారిన పిమ్మట కొంతసేపు కనిపెట్టి యుండవలెను.

ఈ ప్రశ్న పల్లెపెరటికి మాత్రమే చెందినది కాదు. గ్రుడ్లకొరకే కోళ్లను పెంచు పెద్ద పరిశ్రమలలో, గ్రుడ్లు పెట్టవనియు, త్వరగా మాంసము పట్టవనియు పుంజుపిల్లలను పుట్టిననాడే చంపుదురు. జర్మనీ దేశము 2022 జనవరి 1 నుండి దీనిని చట్టముచే నిషేధించినది. గ్రుడ్డులోనుండగనే ఆడమగలను కనిపెట్టు యంత్రములు ఇప్పుడు వచ్చినవి. మన పెరటిలో అట్టి యంత్రములు లేవు. ఆలోచన మాత్రము మనకును కలదు.

పెట్టక్రింద గ్రుడ్లుంచిన చేయియే పుంజులను లోకమునకు తెచ్చినది. గ్రుడ్లవలని లాభమును అనుభవించువారు పుంజులయెడల బాధ్యతను కూడ వహింపవలెను. గంపక్రింద గ్రుడ్లుంచుటకు ముందే, వానిలో సగమునకు నెలవు ఎచటనో నిశ్చయించుకొన్నవారే కోళ్లను పెంచుట నేర్చినవారు.

ప్రశ్నలు

1. పొదిగించిన గ్రుడ్లనుండి పుంజులు సుమారు సగము పుట్టుటను వివరింపుము.
2. మందలో పుంజులు ఎక్కువైనచో కలుగు కష్టములెవ్వి?
3. ‘మిగులు పుంజు పొరుగూరిలో కొత్త రక్తమగును’ అను వాక్యమునకు భావమేమి?
4. మీ యింట ఆరు పుంజులు మిగిలినచో మీరేమి చేయుదురో వ్రాయుము.