ప్రాజెక్టుకు ప్రయోగాన్ని ఎన్నుకోవడం

ప్రాజెక్టు గడువు సమీపించగానే మన విద్యార్థులలో అధికులు అధ్యాపకుని వద్దకు వచ్చి, "ఏ ప్రయోగం చేయమంటారు?" అని అడుగుతారు. అంతకు ముందు తమను తాము అడుగవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నది: "నేను దేనిని తెలుసుకోదలచాను?"

అట్టతో అగ్నిపర్వతాన్ని నిర్మించి, వంటసోడాపై వెనిగర్ పోసి నురుగు పొంగించడం ప్రదర్శనలో చూడముచ్చటగానే ఉంటుంది. కాని నురుగు వస్తుందని చేసేవారికీ తెలుసు, చూసేవారికీ తెలుసు. అది నమూనా మాత్రమే. పైగా ఇట్టి నమూనాల పోటీలో చేతిలో డబ్బు లేని విద్యార్థి మొదటే వెనుకబడతాడు. ఫలితం ఎంతో ముందుగా తెలియనిదై, మన వద్ద ఉన్న పరికరాలతో కొలవదగినదై ఉండే ప్రశ్నను వెదకాలి.

అందుకై దూరం పోనక్కరలేదు. వేసవి రాగానే మన ఇండ్లలో కూజాయో, ఉర్దూ మిత్రులు సురాహీ అనే పొడవు మెడ పాత్రయో వెలుస్తుంది. అందులోని నీరు బాష్పీభవనం వలన చల్లబడుతుందని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఆవిరైన నీటికీ తగ్గిన వేడికీ లెక్క సరిపోతుందా?

ఒకే కుమ్మరి వద్ద, ఒకే పరిమాణం గల రెండు కుండలు కొనాలి. ఒకదానికి వెలుపల నూనె రంగు రెండు పూతలు వేసి ఆరనిస్తే సూక్ష్మరంధ్రాలు మూసుకొనిపోతాయి. రెండింటినీ ముందురోజే నీటితో నింపి ఉంచాలి. లేకున్న నీరు పైకి చెమర్చడానికే పూట గడిచిపోతుంది. మరునాడు ఆ నీటిని వంపి, ఒకే ఉష్ణోగ్రత గల నీరు లీటరు చొప్పున పోసి, మూతపెట్టి, ఒకే నీడలో ఉంచి, గంటకొకసారి నీటి ఉష్ణోగ్రతనూ కుండ బరువునూ వ్రాసుకోవాలి. ప్రయోగశాలలోని సున్నితపు త్రాసు ఇంత బరువు మోయదు. ఒక్కొక్క గ్రామును చూపే వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు చాలు. రంగు పూసిన కుండ ఎందుకని కొందరు అడుగుతారు. అది లేనిచో, నీరు చల్లబడినది కుండ గుణం వలననో, సాయంకాలపు గాలి వలననో ఎవరూ తేల్చలేరు.

ఇక లెక్క. 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల ఉష్ణం కావాలి. 10 గ్రాములు ఆవిరైతే 5,800 కేలరీలు. అదంతయు లోపలి లీటరు నీటి నుండియే వచ్చినచో నీరు 5.8 డిగ్రీలు చల్లబడాలి. ఉష్ణమాపకం అంత తగ్గుదల చూపదు. కుండ మట్టి కూడ చల్లబడవలసి ఉన్నది. చుట్టూ ఉన్న గాలి నుండి వేడి లోనికి వస్తూనే ఉంటుంది. కొన్ని గంటల పిమ్మట బరువు తగ్గుతూనే ఉన్నా ఉష్ణోగ్రత నిలిచిపోతుంది. ఇక్కడనే అంకెలను దిద్దవలెనన్న కోరిక పుడుతుంది. దిద్దినచో ఆ విద్యార్థి కనుగొన్నదే చెరిగిపోతుంది, ఎందుకనగా ఆ తేడాయే అతని ఫలితం.

ఏప్రిల్‌లో చేసిన ప్రయోగాన్ని జూలైలో ముసురు పట్టిన రోజున మరల చేయగలిగితే మరింత మేలు. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం చూపే మట్టం కంటె దిగువకు కుండనీరు పోజాలదు. ముసురులో ఆ మట్టం గాలి ఉష్ణోగ్రతకు చాల దగ్గరగా ఉంటుంది. రెండు పట్టికలనూ ప్రాజెక్టు పుస్తకంలో ప్రక్కప్రక్కనే అతికించి, వాటి క్రింద ఆ రోజులలో గాలిలోని తేమను కూడ వ్రాయండి.