బిడ్డ నవల అమ్మ చదివితే?

సమస్య:
మాది హనుమకొండ. మా పాపకు పదిహేడేళ్లు, ఇంటర్ సెకండియర్. చిన్నప్పటి నుంచి చెస్ ఆడుతుంది. టోర్నమెంట్లకు తోడు వెళ్లేది నేనే. రౌండ్ మొదలయ్యాక తల్లిదండ్రుల్ని హాల్లోకి రానివ్వరు. గేమ్ గంటల తరబడి సాగుతుంది. అలా బయట కూర్చున్నప్పుడు ఊసుపోక పాప బ్యాగులోంచి ‘చెక్ అండ్ మేట్’ అనే ఇంగ్లిష్ నవల తీశాను. చెస్ ఆడే అమ్మాయికీ ప్రపంచ చాంపియన్‌కీ మధ్య ప్రేమకథ. ఇంటికొచ్చాక కూడా వదల్లేక రాత్రి మేలుకుని పూర్తి చేశా. వాళ్లిద్దరి కీచులాటలకు నాలో నేనే నవ్వుకున్నా. మావారు చూసి, ‘ఈ వయసులో నీకు, ఆడుకునే వయసులో దానికి ప్రేమ పుస్తకాలేంటి? రేటింగ్ పడ్డాక ఏడిస్తే ఏం లాభం?’ అని బీరువాలో పెట్టి తాళం వేశారు. పాప సగమే చదివింది, పుస్తకమేదని నన్నడుగుతోంది. అందులో ముద్దులూ, ఆపై సంగతులూ ఉన్నాయి. ఇద్దామంటే జంకు. నాకు నచ్చిందని చెప్పాలంటే సిగ్గు. ఏం చేయను?
- ఓ తల్లి, హనుమకొండ

సలహా:
నచ్చిన పుస్తకానికి సంజాయిషీ ఎందుకమ్మా? యద్దనపూడి సులోచనారాణి సీరియళ్ల కోసం పత్రిక ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన తరం మీ అమ్మగారిది. వాటివల్ల సంసారాలేం కూలిపోలేదు. పైగా 1904లోనే రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం వెలసిన ఊరు మీది. అక్కడ పుస్తకానికి తాళమేంటి?

అలీ హేజెల్‌వుడ్ రాసిన ఈ నవల 2023లో వచ్చింది. మీవారి భయమంతా ప్రేమ గురించే. కానీ కథానాయిక మాలరీ ఆట మానేసింది ప్రేమవల్ల కాదు. చెస్ మూలంగానే తన కుటుంబం చెదిరిందన్న బాధతో నాలుగేళ్లు దూరంగా ఉంటుంది. తల్లీ చెల్లెళ్ల బరువు మోస్తుంటుంది. ఓ ఛారిటీ పోటీలో ప్రపంచ చాంపియన్ నోలన్‌ను ఓడించాకే మళ్లీ ఆటలోకొస్తుంది. ఈ అబ్బాయి ఆమెను బోర్డు ముందుకు రమ్మనేవాడే గానీ లేచిపొమ్మనేవాడు కాదు.

నమ్మకూడనిది వేరే ఉంది. అన్నేళ్లు పావు ముట్టకుండా చాంపియన్‌ను కొట్టేయడం నవలల్లోనే. మీ వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఇరిగేశి 2018లో, 14 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. అంతటివాడికీ 2800 రేటింగ్ అందడానికి 2024 దాకా పట్టింది. ఆనంద్ తర్వాత అక్కడికి చేరిన భారతీయుడు అతనే. అలాగని ఆటకు విరామమిస్తే అంతా అయిపోయినట్టూ కాదు. 2017లో తల్లయిన కోనేరు హంపి 2019లో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచారు, 2024లో మళ్లీ గెలిచారు. ఈ లెక్కల గురించి పాపతో మాట్లాడండి.

ఇక మీ జంకు. మాలరీకి పద్దెనిమిదేళ్లు. శారీరక సంబంధాల గురించి మొహమాటం లేకుండా మాట్లాడుతుంది. మీ పాప ఇప్పటికే సగం చదివింది. దాచితే మిగతాది ఫోన్లో చదువుతుంది, మీతో మాత్రం ఆ ఊసెత్తదు. మీరే తీసి చేతికివ్వండి. ‘నేనూ చదివా, నవ్వలేక చచ్చా’ అంటూ మొదలుపెట్టండి. పూర్తయ్యాక, ‘ఆమె వద్దంటే అతను ఆగాడా? ఆమె చేతిలో ఓడినప్పుడు ఎలా ఉన్నాడు?’ అని అడగండి. తమ గురించి అడిగితే నోరు విప్పని పిల్లలు పాత్రల గురించయితే గలగలా చెప్పేస్తారు.

మీవారికో మాట. రేటింగ్ పడితే కారణం స్కోర్‌షీట్లో వెతకాలి. ఓపెనింగ్‌లో తడబడిందా, టైమ్ చాలక చివర్లో తొందరపడిందా? అది అక్కడే తేలుతుంది. రౌండ్ ముందు రాత్రి మాత్రం నవల పక్కన పెట్టాల్సిందే. ప్రేమకథ అని కాదు, నిద్ర చాలదని!

పాప హాల్లోంచి బయటికి రాగానే అందరమూ ‘గెలిచావా?’ అనే అడుగుతాం. ఈసారి ‘ఏ ఎత్తు దగ్గర మజా వచ్చింది?’ అని అడిగి చూడండి. తనకు ఆట ఇంకా ఇష్టమేనా, మీకోసం ఆడుతోందా అన్నది ఆ జవాబులో తెలుస్తుంది. మీ ఇంట్లో కనిపెట్టుకోవాల్సింది అదీ, నవల కాదు.